వేసిన రోడ్డు, రాసిన కొలత: బెంగళూరులో వీధి పనుల లెక్క అడిగే పద్ధతి

మారతహళ్లిలోనో రామమూర్తినగర్‌లోనో కొత్తగా వేసిన తారు మొదటి వానకే లేచిపోతుంది. మనవాళ్లు ఫొటో తీసి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెడతారు. నలుగురు తిడతారు, ఐదోవాడు నవ్వే బొమ్మ పెడతాడు, అంతటితో ఆ సంగతి ముగుస్తుంది. ఆ పనికి బిల్లు పాసైంది ఫొటో చూసి కాదు, కొలతల పుస్తకంలో రాసిన అంకెలు చూసి. కాబట్టి అడగాల్సింది ఆ అంకెల్నే. ఒక వీధి, ఒక పని, ఒక జాబ్ నంబరు తీసుకుని, కాగితం మీది కొలతనీ నేల మీది కొలతనీ పక్కపక్కన పెట్టాలి. బెంగళూరులో ఆ పని ఎలా చేయాలో ఇక్కడ చూద్దాం. "వార్డు మొత్తానికి ఐదేళ్ల ఖర్చు వివరాలు ఇవ్వండి" అని మొదలుపెట్టినవాళ్లలో చివరిదాకా వెళ్లేవాళ్లు చాలా తక్కువ.

ముందు, ఆ రోడ్డు ఎవరిది?

సగం అర్జీలు ఇక్కడే దారి తప్పుతాయి. 2025 సెప్టెంబరు 2 నుంచి పాత నగర పాలక సంస్థ బీబీఎంపీ స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద 5 కార్పొరేషన్లు వచ్చాయి: సెంట్రల్, నార్త్, సౌత్, ఈస్ట్, వెస్ట్. కేఆర్ పురం, మహదేవపుర వైపు ఉండేవాళ్లది ఈస్ట్. అర్జీ ఇప్పటి కార్పొరేషన్‌కే పెట్టాలి గానీ, అంతకుముందు జరిగిన పనుల ఫైళ్లు పాత బీబీఎంపీ 198 వార్డుల లెక్కలోనే ఉంటాయి. పాత పని గురించి అడిగేటప్పుడు పాత వార్డు నంబరు, పాత వార్డు పేరు తప్పకుండా రాయండి. కొత్త వార్డు పేరు ఒక్కటే రాస్తే "అటువంటి పని మా రికార్డుల్లో లేదు" అన్న జవాబు వస్తుంది, అందులో అబద్ధమూ ఉండదు.

వీధిలో నాలుగు తవ్వకాలు కనిపిస్తే అన్నీ కార్పొరేషన్‌వే అనుకోకండి. మంచినీళ్లు, మురుగు గొట్టాలు జలమండలి (బీడబ్ల్యూఎస్‌ఎస్‌బీ)వి, కరెంటు కేబుళ్లు విద్యుత్ సంస్థ బెస్కామ్‌వి, వంట గ్యాస్ గొట్టాలు గెయిల్ గ్యాస్‌వి. తవ్వినవాళ్లు రోడ్డు కోత అనుమతి తీసుకుని, పూడ్చడానికి డబ్బు కట్టి ఉండాలి. ఎమ్మెల్యే నిధులతో చేసిన పని అని బోర్డు ఉంటే మంజూరు కాగితాలు జిల్లా డిప్యూటీ కమిషనర్ కార్యాలయంలో ఉంటాయి. కర్ణాటకలో ఒక్కో ఎమ్మెల్యేకి ఏడాదికి 2 కోట్లు ఆ పద్దు కింద వస్తాయి. తప్పు కార్యాలయానికి పోయిన అర్జీని 5 రోజుల్లో సరైన చోటికి పంపాలని సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(3) చెబుతోంది. అయినా పంపేవాళ్ల మీద భరోసా పెట్టుకోవడం కన్నా ముందే కనుక్కోవడం మేలు.

కార్పొరేటర్‌ని అడుగుదామనుకుంటే, బీబీఎంపీ పాలకమండలి గడువు 2020 సెప్టెంబరులో తీరింది. ఆ తర్వాత బీబీఎంపీ ఉన్నన్నాళ్లూ మళ్లీ ఎన్నికలు జరగలేదు. ఆ ఐదేళ్ల పనుల సంగతి తెలుసుకోవాలంటే కాగితాలే దిక్కు.

జాబ్ నంబరు పట్టుకోవడం

ప్రతి పనికీ ఒక జాబ్ నంబరు ఉంటుంది. పాత బీబీఎంపీ పద్ధతిలో వార్డు నంబరు, ఏడాది, వరుస సంఖ్య కలిపి రాసేవారు. ఇది దొరికితే అర్జీ బలం పదింతలవుతుంది, ఎందుకంటే అంచనా, టెండరు, బిల్లు అన్నీ ఆ నంబరు కిందే నడుస్తాయి. పని జరిగే చోట పెట్టిన బోర్డు మీద ఉంటుంది. బోర్డులు ఎక్కువ రోజులు నిలవవు, కనుక పని మొదలైన రోజే ఫొటో తీసి పెట్టుకోండి. బోర్డు లేకపోతే వార్డు ఇంజనీరు కార్యాలయంలో నేరుగా అడగండి. చాలామంది అసిస్టెంట్ ఇంజనీర్లు మర్యాదగా అడిగితే చెబుతారు. అదీ కుదరకపోతే కర్ణాటక ప్రభుత్వ ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో టెండరు నోటీసుల్లో వీధి పేరుతో వెతకాలి. రామస్వామి లేఅవుట్, రామస్వామయ్య లేఅవుట్ అంటూ ఒకే వీధికి మూడు స్పెల్లింగులు ఉంటాయి, అన్నీ ప్రయత్నించండి.

టెండరు కనిపించకపోతే వెంటనే దొంగతనం అనేయకండి. ప్రభుత్వ టెండర్లను నడిపే కర్ణాటక పారదర్శక సేకరణ చట్టం 1999లోదే. అందులో సెక్షన్ 4 కొన్ని పనులకు టెండరు నుంచి మినహాయింపు ఇస్తుంది. 4(జి) కింద ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేసి ఒక ప్రభుత్వ సంస్థకి నేరుగా పని అప్పగించవచ్చు. అప్పుడు అడగాల్సింది టెండరు కాగితాలను కాదు, ఆ మినహాయింపు నోటిఫికేషన్‌ని, అందులో చూపిన కారణాన్ని. ఇంకో సంగతి గమనించండి. ఒకే వీధిని "మొదటి భాగం, రెండో భాగం, మూడో భాగం" అని ముక్కలు చేసి, ఒక్కో ముక్క టెండరు పరిమితికి కాస్త దిగువన ఉండేలా అంచనాలు వేసి ఉంటే, ఆ మూడు జాబ్ నంబర్లూ కలిపి చూడాలి.

అర్జీ రాయడం

ఊళ్లో సమాచార హక్కు అర్జీ పెట్టిన అనుభవం ఉంటే ఇక్కడ కొన్ని తేడాలు గుర్తుంచుకోవాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. కర్ణాటకలో ఎక్కడైనా 10 రూపాయలే. నకళ్లకు ఏ4 పేజీకి 2 రూపాయలు. అర్జీ కన్నడంలో గానీ ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉండాలి, తెలుగు చెల్లదు. అన్నిటికన్నా ముఖ్యమైనది 2008లో కర్ణాటక నియమాల్లో చేర్చిన షరతు: ఒక అర్జీలో ఒకే విషయం ఉండాలి, మామూలుగా 150 పదాలు దాటకూడదు. దీన్ని చూపించి వెనక్కి పంపిన అర్జీలకు లెక్కే లేదు. రెండు పనుల గురించి అడగాలంటే రెండు అర్జీలు పెట్టి 20 రూపాయలు కట్టండి.

కర్ణాటక సమాచార హక్కు ఆన్‌లైన్ పోర్టల్‌లో పెడితే ఫీజు అక్కడే కట్టేయొచ్చు. పోస్టులో పంపేవాళ్లు పోస్టల్ ఆర్డర్ ఎవరి పేరు మీద తీయాలో ముందే అడిగి తెలుసుకోండి, పేరు తప్పితే అర్జీ తిరిగొస్తుంది. చేత్తో ఇస్తే నకలు మీద సీలు, తేదీ, సంతకం తీసుకోవాలి. దాన్ని కన్నడంలో స్వీకృతి అంటారు. సంక్షేమ సంఘం లెటర్‌హెడ్ మీద పెట్టకండి, హక్కు పౌరుడిది, సంఘానిది కాదన్న కొర్రీ పడుతుంది. ఒక మనిషి పేరు మీద, ఆ మనిషి సంతకంతోనే పెట్టండి. ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు.

"రోడ్డు ఎందుకు పాడైంది? బాధ్యులెవరు?" లాంటివి అడగొద్దు. చట్టం ప్రకారం సమాచారం అంటే కార్యాలయం దగ్గర రికార్డుగా ఉన్నది. "ఎందుకు" అన్నదానికి రికార్డు ఉండదు, అర్జీని తోసేయడానికి అదే వంక అవుతుంది. కాగితాన్ని పేరు పెట్టి అడగండి. ఈ కింది పాఠాన్ని కన్నడంలోకో ఇంగ్లీషులోకో మార్చుకుంటే 150 పదాల్లో ఇమిడిపోతుంది:

విషయం: ఫలానా వార్డు, ఫలానా వీధి, ఫలానా మలుపు నుంచి ఫలానా గుడి వరకు తారు పని, జాబ్ నంబరు ఫలానా.
ఒకటి, అంచనా పత్రం, సాంకేతిక మంజూరు.
రెండు, వర్క్ ఆర్డరు, ఒప్పందంలో డిఫెక్ట్ లయబిలిటీ షరతు ఉన్న పేజీలు.
మూడు, ఈ పనికి సంబంధించిన కొలతల పుస్తకం పేజీలు, చెక్ మెజర్‌మెంట్ సంతకాలతో.
నాలుగు, చెల్లించిన బిల్లులన్నీ, ఆపి ఉంచిన డిపాజిట్ వివరాలతో.
ఐదు, నాణ్యత పరీక్షల నివేదికలు.
వీటి ధ్రువీకరించిన నకళ్లు ఇవ్వగలరు. సెక్షన్ 2(జె) కింద ఈ ఫైలునూ పనినీ తనిఖీ చేసేందుకు తేదీ, సమయం తెలపగలరు.

చివరి వాక్యం వదిలేయొద్దు. నకళ్లలో రాని కాగితాలు, టిప్పణి పేజీలు, పెన్సిల్ రాతలు ఫైలు ఎదురుగా కూర్చున్నప్పుడే కనిపిస్తాయి.

ఫైలు ముందు కూర్చున్నాక

ఇద్దరు వెళ్లండి, ఒకరికైనా కన్నడం చదవడం రావాలి. తెలుగు లిపి వచ్చినవాళ్లకి కన్నడ లిపి కూడబలుక్కోవడం పెద్ద కష్టమేమీ కాదు, తలకట్టు ఆకారం అలవాటు కావాలంతే. మాటలే కొన్ని తెలిసి ఉండాలి. కామగారి అంటే పని. కడత అంటే ఫైలు. అందాజు పట్టి అంటే అంచనా పత్రం. గుత్తిగెదార అంటే కాంట్రాక్టరు. అళతె పుస్తక అంటే కొలతల పుస్తకం. మేల్మనవి అంటే అప్పీలు. ఈ ఆరు మాటలతో ఫైలు సగం అర్థమవుతుంది.

ముందు కొలతల పుస్తకం తీయించండి. ఇంజనీర్లు దాన్ని ఎంబీ అంటారు. పేజీలకు అచ్చు నంబర్లుంటాయి, ఒక పేజీ చించితే తెలిసిపోతుంది. ప్రతి వరుసలో పని వివరం, ఎన్ని, పొడవు, వెడల్పు, మందం, మొత్తం పరిమాణం ఉంటాయి. కింద కొలిచినవారి సంతకం, తేదీ, దాని పైన చెక్ చేసిన అధికారి సంతకం ఉంటాయి. చూడాల్సినవి: కొట్టివేతల పక్కన సంతకం ఉందా, కొలిచిన తేదీ బిల్లు తేదీకి ముందుందా, వెడల్పు మొదటి నుంచి చివరిదాకా ఒకే అంకెనా. నిజంగా టేపు పట్టి కొలిచిన వీధికి వెడల్పు చోటు చోటుకీ మారుతుంది. 5.2, 5.6, 5.4 అని ఉంటే కొలిచినట్టు. వీధంతా 6.00 అని ఉంటే కుర్చీలో కూర్చుని రాసినట్టు అనుమానించొచ్చు.

పేజీలు ఫొటో తీసుకోవడానికి కొన్నిచోట్ల ఒప్పుకోరు. అప్పుడు పేజీ నంబర్లు రాసుకుని, అక్కడే ఆ పేజీల నకళ్లకు డబ్బు కట్టి రశీదు తీసుకోండి.

నేల మీద కొలత

30 మీటర్ల టేపు, తెల్ల సుద్ద, నోట్‌బుక్ చాలు. ఆదివారం పొద్దున్నే, బళ్లు తక్కువగా ఉన్నప్పుడు చేయండి. పొడవుని టేపుతోనే తీసుకోండి, ఫోన్ మ్యాప్ దూరం సరిచూసుకోవడానికి మాత్రమే. వెడల్పుని ప్రతి 20 మీటర్లకు ఒకసారి తీసుకుని సగటు కట్టండి. తారు ఉన్నంతవరకే కొలవాలి, మట్టి అంచు కలపకూడదు. మందానికి మాత్రం రోడ్డు తవ్వకండి, అది నేరం. ఇప్పటికే ఎవరో గొట్టానికి కోసిన చోట, లేదా పొర లేచిపోయిన అంచు దగ్గర, స్కేలు నిలబెట్టి ఫొటో తీయండి. పాత పొర, కొత్త పొర మధ్య గీత మామూలుగా కనిపిస్తుంది. ఐదారు చోట్ల తీయాలి, ఒక చోటుతో ఏదీ తేలదు.

ఒక లెక్క చూద్దాం. ఎంబీలో 195 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 40 మిల్లీమీటర్ల మందం అని ఉంది. మీ టేపులో 180 మీటర్లు, 5.5 మీటర్లు, 30 మిల్లీమీటర్లు వచ్చింది. విడివిడిగా చూస్తే పొడవులో 15 మీటర్లు, వెడల్పులో అరమీటరు, మందంలో చిటికెన వేలంత. పెద్ద తేడా అనిపించదు. గుణించండి. ఎంబీ ప్రకారం 46.8 ఘనపు మీటర్లు, నేల మీద 29.7. అంటే వేసినదానికి ఒకటిన్నర రెట్లు పైనే బిల్లయింది. గట్టిగా తొక్కిన తారు మిశ్రమం ఘనపు మీటరుకి సుమారు 2.3 టన్నులు తూగుతుంది, కాబట్టి ఎంబీ లెక్కకి దాదాపు 108 టన్నులు రావాలి, నేల మీది లెక్కకి 68 టన్నులే వచ్చి ఉండాలి. ప్లాంటు నుంచి వచ్చిన లారీల తూకం చీటీలు కూడా అడిగితే ఈ తేడా మూడోవైపు నుంచి కూడా బయటపడుతుంది. మందం దగ్గరే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి, డబ్బు పోయేది అక్కడే. కంటికి కనిపించనిదీ అదే.

అయితే తేడా వచ్చినంత మాత్రాన కేకలు వేయొద్దు. నిజాయితీగా చేసిన పనిలోనూ తేడాలుంటాయి. గుంతలు సమం చేయడానికి పై పొర కింద వేసిన మిశ్రమం విడిగా లెక్కలోకి వస్తుంది. పక్క సందుల మొదళ్లు, మలుపుల దగ్గర వంపు కలుస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం పని పేరు చివర "మరియు చుట్టుపక్కల రోడ్లు" అని ఉందేమో చూడటం. ఉంటే ఆ చుట్టుపక్కల రోడ్లేవో ఎంబీలో వెతికి వాటినీ కొలవాలి. ఇది చూడకుండా ఫిర్యాదు చేసినవాళ్లు మొదటి విచారణలోనే తేలిపోతారు.

మురుగు కాలువల పూడికతీత కొలవడం ఇంతకంటే కష్టం. తీసిన మట్టి ఎక్కడికో పోయింది, మళ్లీ నిండింది, కొలవడానికి ఏమీ మిగలదు. అలాంటి పనులకు పని జరుగుతున్న రోజు ఫొటోలు, లారీ ట్రిప్పుల చీటీలు తప్ప ఆధారం లేదు. కొత్తవాళ్లు దానితో మొదలుపెట్టకపోవడమే మంచిది.

గ్యారంటీ గడువు: అసలు పట్టు ఇక్కడుంది

కొలత తేడా నిరూపించడానికి నెలలు పడుతుంది. అదే డిఫెక్ట్ లయబిలిటీ గడువైతే ఒక్క పేజీతో పని జరుగుతుంది. పని పూర్తయిన తేదీ నుంచి ఒప్పందంలో రాసినంత కాలం, పాడైనదాన్ని కాంట్రాక్టరు సొంత ఖర్చుతో బాగుచేయాలి. అందుకోసమే బిల్లులో కొంత డబ్బు డిపాజిట్‌గా ఆపి ఉంచుతారు. పూర్తయిన తేదీ, గడువు ఎంత, డిపాజిట్ తిరిగిచ్చారా అన్న మూడూ మీ దగ్గరుంటే, గడువు ఇంకా ఉంటే, ఇంజనీరుకి ఒక పేజీ ఉత్తరం రాయండి. ఏ తేదీ నాటికి గడువు ఉందో, ఏయే చోట్ల పాడైందో కొండగుర్తులతో రాసి, కాంట్రాక్టరుతో బాగుచేయించమని కోరండి. రోడ్లు నిజంగా బాగుపడేది ఎక్కువగా ఈ ఉత్తరంతోనే. డిపాజిట్ చేతిలో ఉండగా ఇంజనీరుకీ కాంట్రాక్టరుని పిలవడం తేలిక.

గడువు తీరకముందే అదే వీధికి మరో అంచనా, మరో జాబ్ నంబరు పుట్టిందా అన్నది తప్పక చూడండి. పాత కాంట్రాక్టరు ఉచితంగా చేయాల్సిన మరమ్మతుకి ప్రజల డబ్బు రెండోసారి పోవడం అంటే ఇదే. పని పేరు మారొచ్చు, "పునరుద్ధరణ" కాస్తా "అభివృద్ధి" అవుతుంది, మొదలు చివర తారుమారవుతాయి. గుడి నుంచి మలుపు వరకు అన్నది మలుపు నుంచి గుడి వరకు అవుతుంది. రోడ్డు మాత్రం అదే.

జవాబు రాకపోతే

30 రోజుల్లో జవాబు రావాలి, బదిలీ అయిన అర్జీకి ఇంకో 5 రోజులు. ఆ గడువు దాటితే సమాచారం ఉచితంగా ఇవ్వాలి. జవాబు వచ్చిన రోజు నుంచి గానీ, రాకుండా గడువు దాటిన రోజు నుంచి గానీ 30 రోజుల్లో పైఅధికారికి మొదటి అప్పీలు వేయాలి. ఈ తేదీని ఫోన్‌లో అలారం పెట్టుకోండి, ఎక్కువమంది వదిలేసేది ఇక్కడే. మొదటి అప్పీలు 30 రోజుల్లో, ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో తేలాలి. తేలకపోతే 90 రోజుల్లోగా విధానసౌధ ఎదురుగా మాహితి సౌధలో ఉన్న కర్ణాటక సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు. అక్కడ విచారణ వంతు రావడానికి ఓపిక కావాలి. కమిషన్ రోజుకి 250 చొప్పున 25,000 దాకా అధికారికి జరిమానా వేయగలదు, కానీ రోడ్డు గురించి తీర్పు చెప్పదు. కాగితం ఇప్పించడమే దాని పని.

మామూలుగా వచ్చే జవాబులు కొన్నే. "ఫైలు దొరకడం లేదు" అంటే అది చట్టంలో మినహాయింపు కాదు, వెతికిన వివరాలు, ఫైలు ఆఖరున ఎవరి దగ్గరుందో చెప్పమని అప్పీల్లో కోరండి. "మూడో పక్షం సమాచారం" అంటే ప్రజల డబ్బుతో చెల్లించిన బిల్లు అది, కాంట్రాక్టరు అభ్యంతరం చెప్పినంత మాత్రాన ఆపలేరు, ప్రజా ప్రయోజనం కింద సెక్షన్ 8(2) ఎత్తిచూపండి. "వ్యక్తిగత సమాచారం" అన్న మాట ఇప్పుడు ఎక్కువగా వినబడుతోంది, ఎందుకంటే 2025 నవంబరులో సెక్షన్ 8(1)(జె) మారింది. అందుకే కూలీల పేర్లు, ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు మొదటే అడగకండి. అవి మీకు అక్కర్లేదు కూడా.

కాగితాలు చేతికొచ్చాక

ముందు కార్పొరేషన్ కమిషనర్‌కీ, గ్రేటర్ బెంగళూరు అథారిటీ చీఫ్ కమిషనర్‌కీ రాసి, కోర్ (రోడ్డులోంచి గుండ్రంగా కోసి తీసే నమూనా) తీసి మందం పరీక్షించమని అడగండి. పాత బీబీఎంపీలో ఇలాంటి తనిఖీ టెక్నికల్ విజిలెన్స్ సెల్ చేసేది. వీలైతే మీరు చూస్తుండగానే కోర్ తీయమని ఉత్తరంలో రాయండి.

కొలతలు తప్పుగా రాశారన్నది స్పష్టంగా ఉంటే లోకాయుక్త. కర్ణాటక లోకాయుక్త చట్టం 1984 నాటిది. 2016లో విడిగా పెట్టిన ఏసీబీని 2022 ఆగస్టులో హైకోర్టు రద్దు చేయడంతో అవినీతి కేసుల పోలీసు అధికారం మళ్లీ లోకాయుక్తకే వచ్చింది. ఫిర్యాదు నిర్ణీత ఫారంలో, దానితో ప్రమాణపత్రం జత చేసి ఇవ్వాలి. ఆరోపణ ఐదేళ్లు దాటిన పనిదై ఉండకూడదు. ధ్రువీకరించిన ఎంబీ పేజీ, మీ కొలతల పట్టిక, ఫొటోలు, ఉత్తరాల నకళ్లు జత చేయండి. ఊహలు రాయొద్దు. "లంచం తీసుకున్నారు" అని రాస్తే దాన్ని మీరే రుజువు చేయాలి. "ఎంబీలో 40 మిల్లీమీటర్లు, ఆరు చోట్ల సగటు 30" అని రాస్తే జవాబు చెప్పుకోవాల్సింది వాళ్లు.

ప్రభుత్వ ఖర్చుల్ని ఆడిట్ చేసే కాగ్ నివేదికలు వేరే రకంగా పనికొస్తాయి. కాగ్ మీ వీధి ఫిర్యాదు తీర్చదు. కానీ రాష్ట్ర శాసనసభ ముందు పెట్టిన నివేదికలు ఉచితంగా చదవొచ్చు. ఏ రకం పనిలో ఏ కాగితం లోపించిందో వాటిలో ఉంటుంది, మీ అర్జీలో ఏం అడగాలో అక్కడే నేర్చుకోవచ్చు.

ఖాతా (ఇల్లు, స్థలం పన్ను రికార్డు), జనన ధ్రువపత్రం లాంటి సేవలకు ఇంత తతంగం అక్కర్లేదు. వాటిని గడువులోగా ఇవ్వాలని చెప్పే 2011 నాటి సకాల చట్టం ఉంది. అర్జీ ఇచ్చినప్పుడు వచ్చే జీఎస్‌సీ నంబరు (సకాల కింద అర్జీ నమోదైన నంబరు) తప్పకుండా తీసుకోండి. అది లేకపోతే గడువు మొదలే కాదు, "మామూలుగా ఇచ్చి వెళ్లండి, చేసిపెడతాం" అన్నారంటే అందుకే. గడువు దాటితే రోజుకి 20 చొప్పున 500 రూపాయల దాకా పరిహారం, అదీ అధికారి జీతం నుంచి. డబ్బు చిన్నదే గానీ, ఆ ఆలస్యం అధికారి పేరు మీద నమోదవుతుంది. గడువు ఆఖరి రోజున ఏదో కాగితం లేదని తిరస్కరిస్తే, ఆ తిరస్కరణ మీదే అప్పీలు వేయండి. మళ్లీ కొత్తగా అర్జీ పెట్టారంటే రోజుల లెక్క ఒకటి నుంచి మొదలవుతుంది.